శుద్ధ పదార్థమా, మిశ్రమమా? ఇంట్లోనే పరీక్షించి తేల్చుకోవడం ఎలా

"పాలు శుద్ధ పదార్థమా, మిశ్రమమా?" 9వ తరగతి పిల్లల తల్లిదండ్రులు ఏటా నన్ను అడిగే ప్రశ్న ఇది. దాని వెనకే తేనె, నెయ్యి, ఉప్పు, బంగారం, ఇత్తడి, గాలి వరసకట్టి వస్తాయి. ఒక్కొక్కరికి ఒక్కొక్క జవాబు చెప్పి పంపడం కంటే, ఏ వస్తువునైనా ఎవరికి వారే పరీక్షించి తేల్చుకొనే పద్ధతిని ఒకచోట రాసి పెట్టడం మేలనిపించింది. జవాబుల పట్టికను బట్టీ పట్టిన పిల్లవాడు పట్టికలో లేని వస్తువు ఎదురైతే తెల్లమొహం వేస్తాడు; పద్ధతి తెలిసినవాడికి ఆ ఇబ్బంది ఉండదు.

చిక్కంతా "శుద్ధం" అనే మాటలోనే ఉంది. పాలు పోసే ఆయన "ఇవి శుద్ధమైన పాలమ్మా" అన్నప్పుడు నీళ్లు కలపలేదని అర్థం. నెయ్యి డబ్బా మీద "స్వచ్ఛమైన" అని రాసి ఉంటే కల్తీ లేదని అర్థం. రసాయన శాస్త్రంలో మాత్రం, మొదటి నుంచి చివరి దాకా ఒకే పదార్థంతో ఏర్పడి, ఎక్కడ తీసి చూసినా ఒకే సంఘటనం, అంటే ఒకే కూర్పు ఉన్నదే శుద్ధ పదార్థం. గేదె పొదుగు నుంచి నేరుగా తపేలాలోకి పితికిన పాలు మొదటి అర్థంలో శుద్ధమైనవే, రెండో అర్థంలో మిశ్రమమే. ఈ రెండు అర్థాలను ముందే విడదీసుకోకపోతే, కింద చెప్పే పరీక్షలన్నీ సరిగ్గా చేసినా జవాబు తప్పుతుంది.

సిద్ధాంతం ఇంతవరకు చాలు: శుద్ధ పదార్థాలు రెండు రకాలు: ఒకే రకం పరమాణువులున్న మూలకాలు, రెండు లేదా అంతకంటే ఎక్కువ మూలకాలు రసాయనికంగా కలిసి ఏర్పడిన సమ్మేళనాలు. (కొన్ని పుస్తకాలు సమ్మేళనాన్ని సంయోగ పదార్థం అంటాయి; రెండూ ఒకటే.) మిశ్రమాలూ రెండు రకాలు: అంతటా ఒకేలా ఉండే సజాతీయ మిశ్రమాలు, చోటును బట్టి తేడా కనిపించే విజాతీయ మిశ్రమాలు. మిశ్రమంలోని అంశాలను వడకట్టడం, ఆవిరి చేయడం వంటి భౌతిక పద్ధతులతో వేరు చేయవచ్చు, వేరైన తర్వాత అవి తమ గుణాలతోనే ఉంటాయి. సమ్మేళనాన్ని విడగొట్టాలంటే రసాయన చర్య జరగాల్సిందే.

కావలసినవి

పరీక్షించే వస్తువులు: కల్లుప్పు, ప్యాకెట్ ఉప్పు, చక్కెర, పసుపు, పాలు, గంజి, వెనిగర్, కర్పూరం, నల్ల స్కెచ్ పెన్ను, కుళాయి నీళ్లు, బ్యాటరీలో పోసే స్వేదన జలం సీసా ఒకటి, ఒక ఇత్తడి కుంది.

పనిముట్లు: ఒకే రకం గాజు గ్లాసులు నాలుగు, స్టీలు సాసర్లు మూడు, వడపోత కాగితం, భూతద్దం, ఫోన్ టార్చి, గుండుసూదితో రంధ్రం చేసిన నల్ల అట్టముక్క, రెండు మూడు సుద్దముక్కలు, దొరికితే ప్రయోగశాలలో వాడే ఉష్ణమాపకం. వడపోత కాగితం లేకపోతే మందపాటి టిష్యూ కాగితాన్ని నాలుగు మడతలు వేసి గరాటులో పెట్టుకోవచ్చు. కాఫీ ఫిల్టరు మాత్రం పనికిరాదు, దాని రంధ్రాలు చాలా పెద్దవి.

మొదలుపెట్టే ముందు మూడు హెచ్చరికలు. పరీక్షకు పెట్టిన దేన్నీ, అది వంటింటి వస్తువే అయినా, నోట్లో వేసుకోకూడదు. జ్వరం చూసే థర్మామీటరును వేడి నీళ్లలో ముంచకూడదు. దాని కొలత 42 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది, పగిలితే పాతవాటిలో ఉన్న పాదరసం బయటికి వస్తుంది. పొయ్యి వెలిగించే ప్రతి దశలోనూ పెద్దవాళ్లు పక్కనే ఉండాలి.

1. వస్తువుకు పూర్తి పేరు రాసుకోండి

ఇది పరీక్ష కాదని చాలామంది దాటవేస్తారు, కానీ సగం తప్పులు ఇక్కడే పుడతాయి. "ఉప్పు" అని రాస్తే చాలదు. ప్యాకెట్ ఉప్పులో సోడియం క్లోరైడుతో పాటు కాస్త పొటాషియం అయోడేటు కలిపి ఉంటుంది. కల్లుప్పులో సముద్రపు నీటి నుంచి వచ్చిన మెగ్నీషియం, కాల్షియం లవణాలు కొద్దికొద్దిగా ఉంటాయి; వానాకాలంలో కల్లుప్పు జాడీ అడుగున నీరు ఊరడానికి ముఖ్య కారణం ఆ మెగ్నీషియం క్లోరైడే. సోడియం క్లోరైడు సమ్మేళనం, మీ ఇంట్లోని ఉప్పు మాత్రం అంతకంటే ఎక్కువ సరుకులున్న మిశ్రమం. పరీక్ష పేపర్లో "సాధారణ ఉప్పు" అని అడిగితే సోడియం క్లోరైడునే అడిగారని గ్రహించి సమ్మేళనమని రాయండి. జాడీలో ఉన్నదాని సంగతి అడిగితే మిశ్రమమని చెప్పండి.

వంట సోడా, బేకింగ్ పౌడరు విషయమూ ఇంతే. మొదటిది సోడియం బైకార్బొనేట్ అనే ఒకే సమ్మేళనం. రెండోది ఆ సోడాకే పొడి ఆమ్లాన్నీ కాస్త పిండినీ కలిపి చేసిన మిశ్రమం. రెండు డబ్బాలూ పక్కపక్కనే ఉంటాయి, రెండూ తెల్లటి మెత్తటి పొడులే.

2. కంటితో, ఆపైన భూతద్దంతో చూడండి

తెల్ల కాగితం మీద చిటికెడు పొడి పరచి, లేదా గ్లాసులో ద్రవం పోసి, అంతటా ఒకేలా ఉందో లేదో చూడండి. రంగు తేడా, రేణువుల తేడా, పొరలు, తేలేవి, మునిగేవి కనిపిస్తే అది చాలావరకు విజాతీయ మిశ్రమమే, మిగతా పరీక్షలు అక్కర్లేదు. రాళ్లున్న బియ్యం ఈ కోవలోవే. మన పెద్దవాళ్లు చేటలో చెరిగి, జల్లించి, నీళ్లలో గాలించి చేసిన పని భౌతిక పద్ధతిలో మిశ్రమాన్ని వేరు చేయడమే.

"చాలావరకు" అని ఎందుకన్నానంటే, నీళ్లలో తేలుతున్న ఐసుముక్క ఉంది. రెండు భాగాలు స్పష్టంగా కనిపిస్తాయి, మధ్యలో గీత కూడా కనిపిస్తుంది. అయినా రెండూ నీరే. స్థితులు రెండైనంత మాత్రాన పదార్థాలు రెండు కావు. ఐసు ముక్కను బయటికి తీసి కరిగించి, అది గ్లాసులోని నీటికి ఏ విధంగానైనా భిన్నంగా ఉందా అని ప్రశ్నించుకుంటే సందేహం తీరుతుంది.

అంతటా ఒకేలా కనిపించినంత మాత్రాన శుద్ధమని రాసేయడం ఈ దశలో జరిగే రెండో తప్పు. ఉప్పు నీరు తేటగానే ఉంటుంది. ఒకేలా కనిపిస్తే మీకు తెలిసింది ఒక్కటే: అది శుద్ధ పదార్థమైనా కావచ్చు, సజాతీయ మిశ్రమమైనా కావచ్చు, మీ కంటికి అందనంత సన్నటి కణాలున్న కొలాయిడైనా కావచ్చు. తరవాతి దశకు వెళ్లాలి.

3. కదలకుండా పెట్టండి, ఆ తర్వాత వడకట్టండి

ఒక గ్లాసులో అర చెంచా పసుపు, ఇంకో గ్లాసులో అర చెంచా ఉప్పు వేసి నీళ్లు పోసి కలపండి. మూడో గ్లాసులో పలచటి గంజి పోయండి. మూడింటినీ కనీసం అరగంట కదలించకుండా ఉంచండి. పసుపు అడుగున పేరుకుంటుంది; ఇలా నిలవబెడితే కణాలు దిగిపోయే మిశ్రమాన్ని అవలంబనం అంటారు. ఉప్పు నీరు, గంజి అలాగే ఉంటాయి. ఇప్పుడు మూడింటినీ విడివిడిగా వడకట్టండి. పసుపు చాలావరకు కాగితం మీద నిలుస్తుంది, మిగతా రెండూ దిగిపోతాయి.

వరద రోజుల్లో గోదావరి నీటిని బిందెలో పట్టుకున్నవారికి ఇక్కడ ఒక సందేహం వస్తుంది: ఆ ఎర్రనీరు రాత్రంతా ఉంచినా పూర్తిగా తేరుకోదు కదా, మరి అది అవలంబనమా కాదా అని. లావు రేణువులు దిగిపోతాయి, మరీ సన్నటి బంకమట్టి కణాలు ఒకదాన్నొకటి వికర్షించుకుంటూ నీటిలోనే వేలాడతాయి. పటిక ముక్కను నాలుగు చుట్లు తిప్పినా, చిల్లగింజను అరగదీసి కలిపినా ఆ కణాలు గుంపుకట్టి బరువెక్కి దిగుతాయి. అంటే ఒకే బిందెలో అవలంబనమూ కొలాయిడూ ద్రావణమూ మూడూ ఉన్నాయన్న మాట. ప్రకృతిలో దొరికేవి పాఠ్యపుస్తకంలోని గళ్లలో ఒదిగి కూర్చోవు. అందుకే "ప్రధానంగా ఏమిటి" అని రాయడం నేర్చుకోండి.

4. కాంతిపుంజం పంపి చూడండి

గంజి, ఉప్పు నీరు రెండూ వడపోతలో దిగిపోయాయి కాబట్టి వాటిని విడదీసేందుకు ఈ పరీక్ష. సన్నటి కణాలు కాంతిని చెదరగొట్టడాన్ని 19వ శతాబ్దపు శాస్త్రవేత్త జాన్ టిండాల్ పేరుతో టిండాల్ ప్రభావం అంటారు.

గది చీకటి చేయండి. ఫోన్ టార్చి ముందు రంధ్రమున్న అట్టముక్కను పెట్టి, సన్నటి కాంతిని గ్లాసుకు ఒక పక్క నుంచి పంపండి. మీరు గ్లాసుకు ఎదురుగా కాకుండా పక్కగా నిలబడి చూడాలి. ఉప్పు నీటిలో కాంతి దారి కనిపించదు. పలచటి గంజిలో, లేదా గ్లాసుడు నీళ్లలో రెండు మూడు చుక్కలు పాలు కలిపినప్పుడు, దారి దండంలా మెరుస్తుంది. వడపోతలో దిగిపోయిన ద్రవంలో దారి మెరిస్తే అది కొలాయిడ్. పాలు కలిపిన గ్లాసును పక్క నుంచి చూస్తే లేత నీలిఛాయ, టార్చికి ఎదురుగా కాస్త పక్కకు జరిగి చూస్తే పసుపు ఛాయ కనిపించడం కూడా గమనించండి. లేజర్ పాయింటరు వాడితే ఇంకా బాగా తెలుస్తుంది గానీ, పిల్లల చేతికి ఇవ్వకండి, ఎవరి కంట్లోనూ పడనివ్వకండి.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాట్లు మూడు. పాలు ఎక్కువ పోస్తే గ్లాసంతా తెల్లగా వెలిగి దారి కనిపించదు. అప్పుడే పట్టిన కుళాయి నీళ్లలో సన్నటి గాలి బుడగలుంటాయి, అవి కూడా కాంతిని చెదరగొడతాయి కాబట్టి నీళ్లను గంటసేపు నిలవబెట్టి వాడండి. గీతలు పడిన గ్లాసు కూడా మోసం చేస్తుంది. సరిచూసుకోవడానికి మార్గం సులువే: అదే గ్లాసులో, అదే చోట, స్వేదన జలం ఒక్కటే పోసి ముందుగా చూడండి. అందులోనూ దారి కనిపిస్తే లోపం మీ అమరికలో ఉంది, పదార్థంలో లేదు.

5. ఆవిరి చేసి, ఏం మిగిలిందో చూడండి

మూడు సాసర్లలో ఒక్కొక్క చెంచా చొప్పున స్వేదన జలం, కుళాయి నీళ్లు, ఉప్పు నీళ్లు పోసి ఎండలో పెట్టండి. దుమ్ము పడకుండా పైన పలచటి గుడ్డ కప్పండి. తొందరైతే సాసరును మరుగుతున్న గిన్నె మీద మూతలా పెట్టి ఆవిరితో వేడి చేయవచ్చు. నేరుగా మంట మీద పెట్టకండి, ఆఖరి చుక్కలు ఇగిరేటప్పుడు ఉప్పు చిటపటమని కళ్లలోకి చిమ్ముతుంది.

ఉప్పు నీటి సాసరులో గింజలు మిగులుతాయి. కుళాయి నీటి సాసరులో తెల్లటి వలయం మిగులుతుంది. బోరు నీళ్లయితే ఆ వలయం మరీ మందంగా ఉంటుంది. స్వేదన జలం సాసరు శుభ్రంగా ఉండాలి. "ఉండాలి" అనే అంటున్నాను. ఒకసారి ఒక దుకాణంలో బ్యాటరీ నీళ్ల సీసా కొని తెచ్చి, ఇది శుద్ధ పదార్థానికి ఉదాహరణ అని పిల్లలకు గంటసేపు చెప్పాను. మర్నాడు చూస్తే నా సాసరులో కూడా చక్కటి తెల్లటి వలయం. ఒక పిల్ల ఏమీ అనకుండా ఆ సాసరును నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. సీసా మీది చీటీని నమ్మడం కూడా పరీక్ష చేయకుండా తేల్చేయడమేనని తెలిసొచ్చి, ఆ రోజు నుంచి ముందుగా సాసరు పరీక్ష చేశాకే సీసాను తరగతికి తీసుకెళ్తున్నాను.

శ్రీకాకుళం జిల్లా నౌపడలోనూ, చినగంజాంలోనూ ఉప్పు మడుల్లో జరిగేది ఇదే పని, పెద్ద ఎత్తున. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. ఎండకు నీరు ఇగిరేకొద్దీ సోడియం క్లోరైడు ముందు గింజ కడుతుంది, మెగ్నీషియం లవణాలు మిగిలిన చేదు నీటిలోనే ఎక్కువగా ఉండిపోతాయి. ఆ నీటిని పూర్తిగా ఎండనివ్వకుండా ముందే తీసేయడం అందుకే. మీరు ఇంట్లో సాసరులో చివరి చుక్క దాకా ఎండబెడితే మాత్రం అన్నీ కలిసే మిగులుతాయి.

ఈ పరీక్షలో అతి పెద్ద తప్పు దీన్ని తిరగేసి చదవడం. మిగులు ఉంటే అది మిశ్రమమని గట్టిగా అనుమానించవచ్చు, కానీ ఏమీ మిగలకపోతే శుద్ధమని చెప్పడానికి లేదు. తెల్ల వెనిగరును ఇలాగే ఆరబెట్టి చూడండి. సాసరు దాదాపు శుభ్రంగా ఉంటుంది, ఎందుకంటే అందులోని నీటితో పాటు ఎసిటిక్ ఆమ్లం కూడా ఆవిరైపోతుంది. అయినా అది మిశ్రమమే. శానిటైజరును, పెట్రోలును, స్పిరిటును ఈ పరీక్షకు వాడకండి. వాటి ఆవిరి అంటుకుంటుంది.

6. రంగులను సుద్దముక్క మీద ఎక్కించండి

సిరా, తినే రంగులు వంటివాటికి ఈ పద్ధతి. పేరు క్రొమటోగ్రఫీ, రష్యన్ వృక్షశాస్త్రవేత్త మిఖాయిల్ స్వెట్ 20వ శతాబ్దం ఆరంభంలో ఆకుల్లోని రంగులను ఈ మార్గంలో విడదీశాడు.

సుద్దముక్క కింది అంచు నుంచి ఒకటిన్నర సెంటీమీటరు ఎత్తులో నల్ల స్కెచ్ పెన్నుతో చుట్టూ ఒక గీత గీయండి. పళ్లెంలో అర సెంటీమీటరు లోతు నీళ్లు పోసి సుద్దముక్కను నిలువుగా నిలబెట్టండి. గీత నీటికి పైనే ఉండాలి. ఇది అందరూ చేసే తప్పు, నేనూ చేశాను: గీత మునిగితే రంగు పైకి పాకే బదులు పళ్లెంలో కరిగిపోయి, "నలుపు విడిపోలేదు" అనే తప్పుడు ఫలితం వస్తుంది. నీరు సుద్ద పైఅంచుకు దగ్గరగా చేరగానే తీసి ఆరబెట్టండి. నలుపులోంచి నీలం, గులాబి, పసుపు వంటి పట్టీలు విడిగా కనిపిస్తాయి. ఏ రంగులన్నది పెన్నును బట్టి ఉంటుంది.

బాల్ పెన్ను సిరా, పర్మనెంటు మార్కరు సిరా నీటిలో కరగవు కాబట్టి కదలవు. కదలకపోవడం శుద్ధతకు గుర్తు కాదు. ఆ పెన్నుల కోసం నీటికి బదులు శానిటైజరు వాడి చూడవచ్చు, దగ్గర్లో మంట లేకుండా. అలాగే ఒకే రంగు పట్టీ వచ్చినా, ఆ ద్రావణిలో విడిపోలేదన్నంత వరకే చెప్పగలం.

7. మరిగేటప్పుడు ఉష్ణోగ్రత నిలిచిందా, పెరిగిందా చూడండి

ద్రవాల విషయంలో నాకు ఎక్కువ నమ్మకమున్న పరీక్ష ఇది. గిన్నెలో 250 మిల్లీలీటర్ల స్వేదన జలం మరిగించి, ఉష్ణమాపకం బుడ్డి గిన్నె అడుగుకు తగలకుండా పట్టుకొని, మరగడం మొదలైనప్పటి నుంచి అర నిమిషానికొకసారి పది కొలతలు రాసుకోండి. తర్వాత అన్నే నీళ్లలో 50 గ్రాముల ఉప్పు కరిగించి మళ్లీ చేయండి.

మొదటి వరసలో అంకె కదలదు. రెండో వరసలో మరగడమే సుమారు మూడున్నర డిగ్రీలు ఎక్కువ దగ్గర మొదలవుతుంది, నీరు ఇగిరి ఉప్పు చిక్కనయ్యేకొద్దీ అంకె మెల్లగా పైకి పాకుతుంది. ఆ పాకడమే మిశ్రమానికి గుర్తు.

"మా నీళ్లు 100 దగ్గర మరగలేదు, కాబట్టి శుద్ధం కావా?" అని హైదరాబాదు నుంచి తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు. హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పీడనం తక్కువ కాబట్టి శుద్ధమైన నీరే 98 డిగ్రీల చుట్టుపక్కల మరుగుతుంది. విశాఖ తీరంలో 100 దగ్గర మరిగిన అదే నీరు అరకు లోయకు వెళ్తే 97 దగ్గరే మరుగుతుంది. పైగా చవక ఉష్ణమాపకాలు ఒక డిగ్రీ అటూ ఇటూ చూపిస్తాయి. కాబట్టి అంకెను కాదు, అంకె నిలకడను చూడండి.

ఉష్ణమాపకం లేనివారు ఫ్రీజరుతో ఈ పని చేసుకోవచ్చు. ఒక గిన్నెలో 100 మిల్లీలీటర్ల స్వేదన జలం, ఇంకో గిన్నెలో అంతే నీటిలో 10 గ్రాముల ఉప్పు కరిగించి, పక్కపక్కన పెట్టి, అరగంటకొకసారి చూడండి. స్వేదన జలం ముందు గడ్డకడుతుంది. ఉప్పు నీరు సున్నాకు 6 డిగ్రీల కింద దాకా గడ్డకట్టడం మొదలుపెట్టదు, ఆ తర్వాత కూడా చాలాసేపు ముద్దముద్దగా ఉంటుంది.

ఈ పరీక్షకూ ఒక మినహాయింపు ఉంది. సుమారు 95.6 శాతం ఆల్కహాలు, మిగతాది నీరు ఉన్న మిశ్రమం 78 డిగ్రీల దగ్గర, శుద్ధ పదార్థంలాగే నిలకడగా మరుగుతుంది. ఇంటర్మీడియట్‌లో ఇలాంటివి మళ్లీ ఎదురవుతాయి. 9వ తరగతికి ఇంత అక్కర్లేదు.

8. ఘనపదార్థాల మిశ్రమంలో ఒకటి ఆవిరయ్యేదైతే

కర్పూరం, ఉప్పు కలిపిన పొడిని విడదీయమనే ప్రశ్న ప్రతి పరీక్షలోనూ ఉంటుంది. దీన్ని బర్నరు మీద చూపించడం బడిలో సరే, ఇంట్లో వద్దు, కర్పూరం ఆవిరి భగ్గున మండుతుంది. పొడిని చిన్న గిన్నెలో వేసి, దాన్ని పొయ్యి మీంచి దించిన వేడి నీళ్ల తపేలాలో తేలనిచ్చి, గిన్నె మీద పళ్లెం, పళ్లెంలో ఐసుముక్కలు పెట్టండి. దగ్గర్లో ఏ మంటా ఉండకూడదు, దీపారాధన కూడా. నీళ్లు చల్లారినప్పుడల్లా మార్చుతూ కాస్త ఓపిక పడితే పళ్లెం అడుగున తెల్లటి పలచని పొర కడుతుంది. గోటితో గీకి వాసన చూడండి, కర్పూరమే. వేరైన అంశం తన వాసనతో, తన గుణంతో తిరిగి దొరికింది కాబట్టి ఇది భౌతికంగా వేరు చేయడం.

ఇప్పుడు చక్కెరతో పోల్చండి. పాత గరిటెలో అర చెంచా చక్కెర వేసి సన్నటి మంట మీద వేడి చేస్తే కరుగుతుంది, గోధుమరంగు తిరుగుతుంది, చివరకు నల్లటి బొగ్గు మిగులుతుంది. పైన చల్లటి పళ్లెం పెడితే నీటి చుక్కలు పడతాయి. "చక్కెరలోంచి బొగ్గు, నీరు వేరయ్యాయి, కాబట్టి చక్కెర మిశ్రమం" అని రాసేవారు చాలామంది. బొగ్గునూ నీటినీ కలిపి ఎంత తిప్పినా చక్కెర రాదు. జరిగింది రసాయన చర్య, చక్కెర సమ్మేళనం. విడిపోయిందా లేదా అన్నది కాదు, ఎలా విడిపోయింది, తిరిగి కలిపితే వెనక్కి వస్తుందా అన్నదే ప్రశ్న.

9. పరీక్షకు లొంగని వాటిని ఒక ప్రశ్న అడగండి

ఇత్తడి కుందిని వడకట్టలేరు, ఆరబెట్టలేరు. అప్పుడు అడగవలసిన ప్రశ్న: దీనిలోని పాళ్లు మారినా పేరు మారకుండా ఉంటుందా? రాగి ఎక్కువ, జింకు తక్కువైనా ఇత్తడే. జింకు కాస్త పెంచినా ఇత్తడే. కాబట్టి మిశ్రమం. 22 క్యారెట్ల నగలో వెయ్యి పాళ్లకు 916 పాళ్లు బంగారం, 18 క్యారెట్లలో 750 పాళ్లు. రెండింటినీ బంగారు నగలనే అంటాం, రెండూ మిశ్రమాలే. నీటిలో మాత్రం హైడ్రోజన్, ఆక్సిజన్ ద్రవ్యరాశి నిష్పత్తి గోదావరిలోనైనా కృష్ణలోనైనా సుమారు 1:8. ఆ నిష్పత్తి మారితే అది నీరు కాదు.

మొదటి ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది. గేదె పాలలో వెన్న ఎక్కువ, ఆవు పాలలో తక్కువ, రెండూ పాలే. పైగా నిలవబెడితే మీగడ తేలుతుంది, చిలికితే వెన్న వస్తుంది, టార్చి వేస్తే దారి మెరుస్తుంది. పాలు మిశ్రమం, అందులోనూ కొలాయిడ్.

గాలికీ ఇదే ప్రశ్న. 78 శాతం నైట్రోజన్, 21 శాతం ఆక్సిజన్, ఒక శాతానికి కాస్త తక్కువ ఆర్గాన్, వాటితో పాటు రోజుకో తీరుగా మారే నీటి ఆవిరి. గాలిని బాగా చల్లబరచి ద్రవంగా మార్చితే నైట్రోజన్ సున్నాకు 196 డిగ్రీల కింద, ఆక్సిజన్ 183 డిగ్రీల కింద మరుగుతాయి కాబట్టి అంశిక స్వేదనంతో వేరు చేస్తారు. 2021 ఏప్రిల్‌లో విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి రైలెక్కి మహారాష్ట్రకు వెళ్లిన ద్రవ ఆక్సిజన్ అలా వచ్చిందే.

పెన్సిలు ములుకునూ ఈ ప్రశ్న అడిగి చూడండి. పేరు "లెడ్" అయినా అందులో సీసం లేదు. గ్రాఫైటు, బంకమట్టి కలిపి కాల్చినది. మట్టి పాళ్లు పెంచితే గట్టి పెన్సిలు, తగ్గిస్తే మెత్తటి పెన్సిలు.

మూలకమా, సమ్మేళనమా?

ఈ చివరి మెట్టును ఇంట్లో ఎక్కడం కష్టం, ఎక్కినట్టు నటించకండి. రాగి తీగ మూలకమని మీరు ఏ సాసరుతోనూ నిరూపించలేరు; ఆవర్తన పట్టికలో పేరుందో లేదో చూసుకోవడమే మార్గం. నీటిని 9 వోల్టుల బ్యాటరీతో, రెండు పెన్సిలు ములుకులతో విడగొట్టి చూపవచ్చు: కాస్త వంట సోడా కలిపిన నీటిలో ములుకులు ముంచితే రుణధ్రువం దగ్గర హైడ్రోజన్ బుడగలు ఎక్కువగా వస్తాయి. విద్యుత్తు బాగా పారుతుందని సోడాకు బదులు ఉప్పు వేయకండి, విషవాయువైన క్లోరిన్ వస్తుంది.

ఫలితం సరిచూసుకోవడం

ప్రతి వస్తువుకూ ఒక కాగితం మీద మూడు గళ్లు గీసుకోండి: ఏం చేశాను, ఏం చూశాను, దీన్నిబట్టి ఏం చెప్పగలను. రెండో గడిలో "కరిగింది", "వలయం మిగిలింది" వంటి చూసిన మాటలే ఉండాలి; "శుద్ధం" అనే మాట అక్కడ కనిపిస్తే కొట్టేయండి. ప్రతి పరీక్షనూ రెండుసార్లు చేసి, ఒకసారి స్వేదన జలంతో కూడా చేసి పోల్చండి. రెండు పరీక్షలు రెండు రకాలుగా చెబితే, ఉదాహరణకు వెనిగరు సాసరులో ఏమీ మిగల్చక, మరిగేటప్పుడు మాత్రం అంకె మెల్లగా కదిలితే, మిశ్రమమని చెప్పిన పరీక్షకే విలువివ్వండి. మిశ్రమమని తేల్చడానికి ఒక్క ఆధారం చాలు. శుద్ధమని చెప్పాలంటే మాత్రం చేసిన పరీక్షలన్నీ ఏకమాట మీద ఉండాలి, అప్పుడు కూడా "ఈ పరీక్షల మేరకు" అని చేర్చండి.

పని అయ్యాక సాసర్లు కడిగేయండి, గంజి, పాల గ్లాసులు వేడినీళ్లతో తొలవండి. కర్పూరం విడదీయగా మిగిలిన ఉప్పు చూడటానికి అచ్చం ప్యాకెట్ ఉప్పులాగే ఉంటుంది. కర్పూరం కడుపులోకి పోతే, ముఖ్యంగా చిన్నపిల్లలకు, ప్రమాదం. దాన్ని వంటింటి గట్టు మీద ఒక్క నిమిషం కూడా ఉంచకుండా అప్పుడే పారబోయండి.